స్వర్ణ విత్తనం సరిహద్దు దాటింది: ఇది సహకారమా, మన సొత్తు ఇచ్చేయడమా?

పెనుమంట్ర రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మా మండలంలోని మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029 అనే వరి రకం మీ అందరికీ తెలిసిందే, అదే స్వర్ణ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అందులోకి ఒడిశా నాటు రకం నుంచి వచ్చిన ముంపు తట్టుకునే సబ్1 అనే జన్యువును ఎక్కించి స్వర్ణ సబ్1 తయారుచేసింది. 2009లో మన దేశంలో విడుదలైంది. 2010లో బంగ్లాదేశ్‌లో బ్రి ధాన్ 51 అనే పేరుతో, 2011లో నేపాల్‌లో కూడా వచ్చింది. రైతుల దాకా చేర్చడానికి గేట్స్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. ఒక దేశంలో విడుదలైన రకానికి పక్క దేశంలో దారి సులువు చేస్తూ 2014లో కాఠ్మాండూలో ఈ మూడు దేశాలూ ఒప్పందం కుదుర్చుకున్నాయి. నా ప్రశ్న ఒక్కటే. విత్తనం మనది, జన్యువు ఒడిశా రైతులది, పేరు మాత్రం దాతలకూ అంతర్జాతీయ సంస్థలకూ. ఇందులో మనకేం మిగిలింది?

వరి పరిశోధకుడు:
రైతుబిడ్డ గారూ, మీ బాధ న్యాయమైనదే. అయితే స్వర్ణకు తల్లిదండ్రులెవరో ఒకసారి చూడండి. వశిష్ట, మసూరి అనే రెండు వరి రకాలు. ఆ మసూరి మనది కాదు. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్ వరి పరిశోధన కేంద్రంలో ఇండికా, జపానికా అనే రెండు తెగల వరి రకాలను సంకరం చేయించి, ఆ విత్తనాన్ని ఆసియా దేశాలకు పంచింది. మలేసియాలో కొలంబో పథకం (ఆసియా దేశాలకు సాంకేతిక సాయం అందించే ఏర్పాటు) కింద వచ్చిన జపాన్ నిపుణులు అక్కడివాళ్లతో కలిసి అందులోంచి ఏరి నిలబెట్టిన రకమే మసూరి. 1965లో అక్కడ విడుదలైంది, తర్వాత మన చేలల్లోకి వచ్చింది. మీరు ఇష్టంగా తినే బాపట్ల సాంబ మసూరి కూడా దాని సంతానమే. ఆ రోజు ఎవరైనా "ఇది మా సొత్తు" అని గింజ దాచుకుని ఉంటే మార్టేరులో స్వర్ణ పుట్టేదే కాదు.

ఇంకో మాట. ఒప్పందాలేవీ లేని రోజుల్లోనే స్వర్ణ బెంగాల్ సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ వైపు చేలకు చేరింది. గుటి స్వర్ణ అని పిలుచుకుంటూ అక్కడి రైతులు వేసుకుంటున్నారు. ఒప్పందం వల్ల వచ్చిన లాభమేమిటంటే పరీక్ష చేసిన శుద్ధమైన విత్తనం దొరకడం. పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బిహార్‌లో మూడేళ్లు పరీక్షించిన రకాన్ని అదే నేల, అదే నీరు ఉన్న అవతలి గట్టు మీద మళ్లీ మొదటినుంచి పరీక్షించడం ఎందుకు?

తెరాయిలో రెండేళ్లు:
పంచుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా దాతల గడువు మీద. నేపాల్ దక్షిణాన ఉన్న మైదాన ప్రాంతం తెరాయిలో ఒక విత్తన ప్రాజెక్టులో పనిచేశాను. మొదటి ఏడాది ఐదేసి కిలోల సంచులు పంచాం, ఫొటోలు తీశాం, నివేదిక పంపాం. మూడో ఏడాది నిధులు ఆగిపోయాయి. ఒక ఆవిడ ఇంటికొచ్చి "ఆ వడ్లు మళ్లీ ఎప్పుడిస్తారు అన్నా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను. ఆమె దాచుకున్న విత్తనంలో కేళీలు (వేరే రకం గింజలు) కలిసిపోయాయి. మూల విత్తనం పెంచే స్థానిక సంఘానికి పదేళ్ల అండ లేకపోతే ఈ సహకారం సంచి దగ్గరే ఆగిపోతుంది.

యనమదుర్రు గట్టు:
అన్నా, ఇది మాకు అనుభవమైన సంగతి. మా యనమదుర్రు మురుగు కాలవ పొంగితే సార్వా (ఖరీఫ్) ఊడ్పులు నీళ్లలోనే. మామూలు పైరు మునిగితే గాలి కోసం గబగబా పొడుగు సాగుతుంది. ఉన్న సత్తువంతా అందులోనే పోయి, నీరు తీశాక వాలిపోయి కుళ్లుతుంది. సబ్1 ఉన్నది ఎదుగుదల ఆపుకుని ఓర్చుకుంటుంది. రెండు వారాల దాకా తట్టుకుని, నీరు తీశాక మళ్లీ పిలకలేస్తుంది. కానీ ఊక రంగు గడ్డి రంగు, స్వర్ణలా బంగారు రంగు కాదు. మా ఊరి వ్యాపారి గింజ అరచేతిలో పోసుకుని "ఇది స్వర్ణ కాదు" అని ధర తగ్గించాడు. ఢిల్లీలో, కాఠ్మాండూలో సంతకాలు పెట్టే పెద్దలు కాటా దగ్గరికి కూడా రావాలి.

పెనుమంట్ర రైతుబిడ్డ:
పరిశోధకుడు గారూ, మసూరి కథ నాకు ఇప్పటిదాకా తెలియదు. మన సొత్తు ఇచ్చేశామన్న అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను. పేరు విషయంలో మాత్రం తగ్గను. ఢాకాలో అమ్మే సంచి మీదైనా, ఏలూరులో అమ్మే సంచి మీదైనా మార్టేరు, మలేసియా, ఒడిశా మూడు పేర్లూ అచ్చువేయాలి. దానికి దాత డబ్బు కూడా అక్కర్లేదు. తెరాయి అన్న చెప్పిన పదేళ్ల అండ షరతును ఒప్పందంలోనే రాయించాలి.

గట్టు తమ్ముడూ, మాకు కాలవ పక్కన ఎకరం పల్లం ఉంది, ఏటా మునుగుతుంది. వచ్చే సార్వాకు అందులో సబ్1 వేస్తాను. శుద్ధమైన విత్తనం మీకు ఎక్కడ దొరికిందో చెప్పు.