అప్‌డేట్: 1862 విక్టోరియా రూపాయి అంచు పళ్లు ఒకవైపు ఎందుకు లేవో తేలింది

నా దగ్గరున్న రూపాయికి బొమ్మ వైపు అంచు వెంట వరుసగా ఉండే చిన్న ఉబ్బెత్తు పళ్లు ఎడమ పక్క మాయమయ్యాయి, ఎవరైనా గీకారా, నకిలీయా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నకిలీ కాదు, గీకిందీ కాదు. బొరుసు తిప్పి చూడమన్న సలహాయే పనిచేసింది. అటు పళ్లు చుట్టూరా సమానంగా ఉన్నాయి. బొమ్మ వైపు మాత్రం ఎడమన లోపించినంత మేర కుడిన పళ్ల బయట ఖాళీ అంచు వెడల్పైంది. అంటే ముద్రించేటప్పుడు ఆ ఒక్క అచ్చే పక్కకు జరిగిందని నాణేల పరిశీలకుడు చెప్పారు. బిళ్ల కాలర్‌లో (ముద్రించేటప్పుడు బిళ్లను చుట్టూ పట్టి ఉంచే వలయం) సరిగ్గానే కూర్చుంది కాబట్టి నాణెం మందం మీద ఉండే నిలువు గీతలు చుట్టూ తెగకుండా ఉన్నాయి. గీకి ఉంటే ఆ గీతలే ముందు పోయేవి, బరువూ తగ్గేది. తూకం 11.6 గ్రాములు (ప్రమాణం 11.66), కాస్త అరుగుదల అంతే. లోహం కరిగించి పోసి చేసిన నకిలీలో పళ్ల మధ్య సందులు పూడుకుపోతాయట. పది రెట్ల లెన్స్‌లో ఇవి విడివిడిగా కనిపించాయి.

అయస్కాంతం పరీక్ష దండగ. వెండికీ అంటదు, రాగికీ అంటదు. చింతపండుతో తోమమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి.

గ్రీకు, రోమన్ కట్టడాల చూరు కింద వరుసగా ఉండే పళ్లూ ఇవీ ఒకటేనా అన్న ఉపప్రశ్నకు: పోలిక రూపంలోనే. అక్కడివి చెక్క వాసాల కొసలకు రాతి అనుకరణ అని ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ వివరణ. నాణెం మీదివి బొమ్మను అరుగుదల నుంచి కాపాడతాయి, అంచు కత్తిరిస్తే పట్టిస్తాయి.