సెల్లులో 3.7 వోల్టులున్నా లైటు వెలగలేదు, ప్రొటెక్షన్ బోర్డు పోయిందా?

నమస్కారమండీ. రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లే మా నాన్న కోసం ఒక లైటు తయారు చేశాను. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన 18650 సెల్లు (లిథియం అయాన్‌ది) ఒకటి, టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, చిన్న ఎల్‌ఈడీ, అంతే. బోర్డు మీదే సెల్లుని కాపాడే ప్రొటెక్షన్ ఐసీ డీడబ్ల్యూ01ఏ, పక్కన అది చెప్పినప్పుడు కరెంటు ఆపే స్విచ్చులాంటి 8205ఏ మాస్‌ఫెట్ ఉన్నాయి.

నెల రోజులు బాగానే పనిచేసింది. మొన్న ఊడిపోయిన సెల్లు తీగకి మళ్లీ సోల్డరింగ్ చేశాక లైటు వెలగలేదు. మల్టీమీటరుతో చూస్తే సెల్లు దగ్గర 3.7 వోల్టులు, అవుట్‌పుట్ దగ్గర సున్నా. బోర్డు కాలిందనుకుని ఊరికే ఛార్జర్ పెట్టి చూశా, వెంటనే వెలిగింది! ఛార్జర్ తీసేసినా వెలుగుతూనే ఉంది. సెల్లు విడదీసి కలిపిన ప్రతిసారీ ఇలా ఛార్జర్‌తో నిద్ర లేపాలా, లేక నా సోల్డరింగ్‌లోనే తప్పుందా?

నా అసలు టెన్షన్ వేరే. ఈ ప్రొటెక్షన్ ఐసీ ఛార్జింగ్‌ని 4.3 వోల్టుల దగ్గర ఆపుతుంది. అది సరే, టీపీ4056 ఎలాగూ 4.2 దాటనివ్వదు. డిశ్చార్జి మాత్రం 2.4 దాకా పోనిస్తుంది. నాన్నేమో లైటు ఆపకుండానే పడుకుంటారు (చెప్పి చెప్పి విసుగొచ్చింది). అసలే ముసలి సెల్లు, మాటిమాటికీ అంత కిందికి దిగితే ఎన్నాళ్లు ఉంటుంది?

3 వోల్టులకే కట్ అవ్వాలంటే వేరే ఐసీ ఉన్న బోర్డు కొనాలా, లేక అవుట్‌పుట్‌కి విడిగా కటాఫ్ సర్క్యూట్ పెట్టాలా? విడిగా పెడితే ఆ సర్క్యూటే ఛార్జి తాగేస్తుందేమో. లోడ్ పోగానే వోల్టేజీ పైకి లేస్తుంది కదా, లైటు మళ్లీ వెలిగి ఆరుతూ ఉండకుండా కట్ అయ్యే వోల్టేజీకీ, మళ్లీ ఆన్ అయ్యే వోల్టేజీకీ మధ్య ఎంత తేడా ఉంచాలి? చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.