సీరియళ్లలో గే కాథలిక్కులు: రాజీ కుదురుతున్నది ఎవరితో?

పాత_బెంచీ:
గ్రేస్ అనాటమీ అనే అమెరికన్ ఆసుపత్రి సీరియల్ పాత సీజన్లు మళ్లీ చూస్తున్నాను. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట ఇక్కడ పెడుతున్నా. నేను ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబంలో పుట్టాను. గేని. ఆదివారం గుడిలో పూజ (మాస్) మానను. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటాయని నమ్మి రాసిన సీరియల్ నాకు ఇంతవరకూ దొరకలేదు.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. కాలీ టోరెస్ ఎముకల డాక్టరు, కాథలిక్కుల అమ్మాయి. అరిజోనా అనే పిల్లల డాక్టరుని ప్రేమిస్తుంది. ఆ సంగతి తెలిసి నాన్న కార్లోస్ డబ్బు పంపడం ఆపేస్తాడు. ఆరో సీజన్లో (2009) ఏకంగా ఒక ఫాదర్‌ని వెంటబెట్టుకుని ఆసుపత్రికే వస్తాడు. నాన్న స్వలింగ సంబంధాన్ని ఖండించే లేవీయకాండం ఎత్తితే, కూతురు కొండమీది ప్రసంగం ఎత్తుతుంది, మొదటి రాయి ఎవరు వేస్తారని అడుగుతుంది. నా రక్షకుడు యేసు, నువ్వు కాదు నాన్నా అంటుంది. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. ఆ వాక్యాలు ఆమె వెతుక్కోలేదు, నోటికొచ్చాయి. చిన్నప్పటి నుంచి సత్యోపదేశం తరగతుల్లో కూర్చున్నవాళ్లకే అలా వస్తాయి.

మరి ఆ తర్వాత? నాన్న మెత్తబడ్డాడు, అంతే, విశ్వాసం గొడవ తీరిపోయినట్టే. ఆమె పూజకు వెళ్తోందా, గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాలంటే ఏమనిపిస్తోంది, రాత్రి పడుకునే ముందు దేవుడితో ఏం మాట్లాడుతోంది, ఇవేవీ పట్టలేదు. మళ్లీ 2011లో కాలీ, అరిజోనాల పెళ్లి ఎపిసోడ్ వచ్చాకే రచయితలకు మతం గుర్తొచ్చింది.

వన్ డే ఎట్ ఎ టైమ్ (2017) సంగతీ అంతే. క్యూబా నుంచి అమెరికా వచ్చిన కుటుంబం, మనవరాలు ఎలీనా తను లెస్బియన్‌నని చెప్తుంది. అమ్మమ్మ లిడియా పరమ భక్తురాలు. ఇది దేవుడికి విరుద్ధం అని మొదలుపెట్టి, దేవుడు తప్పుగా ఎవరినీ చేయడు కదా, తీర్పు చెప్పడానికి నేనెవరిని అని పోపుగారే అన్నారు కదా అంటూ తనలో తానే వాదించుకుని, నిమిషంలో ఒప్పేసుకుంటుంది. బాగా నవ్వించారు, కాదనను. కానీ విశ్వాసంతో కుస్తీ పట్టింది అమ్మమ్మ. ఎలీనాకి ఆ గొడవే లేదు.

అన్నిచోట్లా రాజీ ఇంట్లోవాళ్లతోనే. దేవుడితో, శ్రీసభతో (కాథలిక్కు సంఘంతో) ఆ మనిషి లెక్క ఎప్పుడు తేలుతుంది?

సీజన్_పిచ్చి:
కాలీ, వాళ్ల నాన్న సీన్ ఎన్నిసార్లు చూశానో. కాలీగా సారా రమిరెజ్ ప్రాణం పెట్టి చేశారు.

స్వరమాల:
పాత_బెంచీ గారూ, మీరు పూజ మానరని చదివి సంతోషించాను. మా విచారణలో (చర్చి పరిధిలో) చాలా ఏళ్లుగా పాటల బృందం నడుపుతున్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. ఆ ఎపిసోడ్‌లో ఫాదర్ ఎందుకున్నారు? తండ్రి పక్కన నిలబడటానికి. ఒక మనసు, ఒక ఆలోచన ఉన్న మనిషిగా ఆయన్ని రాయలేదు. గురువుల్ని (ఫాదర్లని) టీవీలో ఇలాగే వాడుకుంటారు.

ఇక ఆ పెళ్లి. దాన్ని అందరూ కాథలిక్కు పెళ్లి అన్నట్టు మాట్లాడుతున్నారు. గుడి లేదు, గురువు లేరు. తోటి డాక్టరు బెయిలీ నిలబడి జరిపించింది. అది కాథలిక్కు వివాహం కాదు.

పాత_బెంచీ:
అది కాథలిక్కు పెళ్లి అని నేను అనలేదండీ. కానీ మీరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మన లాటిన్ ఆచారంలో వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు శ్రీసభ తరఫున సాక్షి. శ్రీసభ బోధనల పుస్తకం సత్యోపదేశంలో 1623వ పేరా చూడండి. గురువు లేకపోతే ఇది పెళ్లే కాదని కాలీ కుమిలిపోతుంటే, దేవుడు ఇక్కడే ఉన్నాడు, నీలో ఉన్నాడు, నాలో ఉన్నాడు అని బెయిలీ ధైర్యం చెప్తుంది. ఆ మాటలో కాథలిక్కులకు కొత్తేముంది?

స్వరమాల:
సగమే చెప్పారు. అధికారం ఉన్న గురువో డీకనో, ఇద్దరు సాక్షులు లేకుండా చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, శ్రీసభ ధర్మశాస్త్రం (కానన్ లా) 1108. అసలు వివాహ ఒప్పందం స్త్రీకి పురుషుడికి మధ్యేనని 1055లోనే ఉంది. సౌకర్యంగా ఉన్న పేరా ఒక్కటే చదవకూడదు.

పాత_బెంచీ:
సరే, 1108 దగ్గరే ఆగుదాం. కాలీ అంతకుముందు జార్జిని లాస్ వేగస్‌లో పెళ్లాడింది. గుడీ లేదు, గురువూ లేరు. మీ లెక్కలో అదీ చెల్లదు. అప్పుడు ఏ ఫాదర్‌నీ వెంటేసుకుని రాలేదే నాన్నగారు? ధర్మశాస్త్రం ఈ ఒక్క విషయంలోనే ఎందుకు గుర్తొచ్చింది?

స్వరమాల:
కార్లోస్ తరఫున నేను జవాబు చెప్పను. చెల్లని పెళ్లి ఇంకో చెల్లని పెళ్లికి సమర్థన కాదు.

మామిడితోట:
మేం హిందువులం, ఈ నంబర్లు మాకు తెలియవు. కానీ 2011లో, ఆ కథ జరిగే వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ పెళ్లికి చట్టం కూడా ఒప్పుకోలేదు కదా? 2012 చివర్లో గానీ రాలేదు. గుడి, ప్రభుత్వం, కన్నతల్లి, ముగ్గురూ కాదన్నారని ఆ ఎపిసోడ్ నాకు గుర్తుండిపోయింది.

నీలిచొక్కా:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. కానన్ నంబర్ల మీద ఇంత ఓపిక ఉన్నవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతోంది.

నాదీ ఆర్‌సీఎం ఇల్లే. నా సంగతి తెలిశాక నాన్న నన్ను స్వస్థత ప్రార్థనలకని తీసుకెళ్లారు. ఊరి పేరు చెప్పను. హాల్లో ముందు వరసలో కూర్చోబెట్టారు. తల మీద చేయి వేసి ప్రార్థించే ఆయనకి నాన్న చెవిలో ఏదో చెప్పడం చూశాను. మైకు ఆన్‌లోనే ఉంది. "ఈ బిడ్డలోని అపవిత్రత" అని ఆయన అంటే హాలంతా ఆమెన్ అంది. మా అమ్మ కూడా అంది. ఆ రోజు నుంచి నేను ఏ గుడి మెట్లూ ఎక్కలేదు.

అందుకే లిడియా సీన్ నాకు పచ్చి అబద్ధం. గ్లీ సీరియల్లో శాంటానా అనే అమ్మాయి అవ్వది నిజం. మనవరాలు చెప్పగానే ఆ పెద్దావిడ ఏమంటుంది? పాపం కంటే నలుగురిలో బయటపెట్టి రచ్చ చేయడమే తప్పు అన్నట్టు మాట్లాడి, ఇంట్లోంచి పొమ్మంటుంది. అది మా ఇల్లే. మతం కాదు వాళ్ల భయం, పరువు.

పాత_బెంచీ గారూ, దేవుడితో రాజీ చూపించే కథ కావాలంటున్నారు మీరు. అలాంటి కథ ఒక పదహారేళ్ల కుర్రాడికి ఏం నేర్పుతుంది? ఆగు, ఓపిక పట్టు, ఏదో ఒక రోజు వాళ్లే మారతారు అని. ఆ ఆగడంలోనే పిల్లలు నలిగిపోతున్నారు.

పాత_బెంచీ:
మీకు జరిగింది ఘోరం. దాన్ని ప్రార్థన అనడానికే నాకు నోరు రాదు. కానీ ఆగమని చెప్పే కథ నేను అడగలేదు. వెళ్లిపోయినవాళ్ల కథలు చాలా ఉన్నాయి, ఉండాలి కూడా. వెళ్లనివాళ్లం కూడా ఉన్నాం. మా సంగతి ఎవరూ రాయడం లేదు.

రోమ్_రీలు:
ద యంగ్ పోప్ (2016)లో మోన్సిన్యోర్ (పెద్ద గురువుల బిరుదు) గుటియెరెజ్ లేడా మరి? గే, పైగా వాటికన్‌లోనే ఉంటాడు.

పాత_బెంచీ:
నేను చూసినవాటిలో దగ్గరికి వచ్చింది ఆయనే. భయస్థుడు, తాగుతాడు, అయినా విశ్వాసం వదలడు. స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు గురుత్వంలో ఉండటానికి వీల్లేదని కొత్త పోపు పట్టుపడితే, తన సంగతి ఆయన ముందే చెప్తాడు. ఆ ఆకర్షణ లోతుగా ఉన్నవాళ్లని గురుత్వ శిక్షణకు తీసుకోకూడదని వాటికన్ 2005లో నిజంగానే ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి ఆ సీన్‌కి బరువొచ్చింది. కానీ అది ఒంటరిగా ఉంటానని మాటిచ్చిన గురువు కథ. పొద్దున్నే ఆఫీసుకెళ్లి, సాయంత్రం ఇంటికొచ్చి, ఇంకొకరితో కలిసి అన్నం తినే నాలాంటివాడి కథ కాదు.

సీజన్_పిచ్చి:
ద రియల్ ఓనీల్స్ సీరియల్లో గే కుర్రాడు కెన్నీకి యేసే కళ్లముందు కనిపించి మాట్లాడతాడు. మొదలవకముందే కాథలిక్ లీగ్ అనే అమెరికా సంస్థ గొడవ చేసింది. రెండు సీజన్లకే ఆగిపోయింది.

స్వరమాల:
నీలిచొక్కా గారూ, మైకులో అలా అనడం సత్యోపదేశానికే విరుద్ధం. ఇలాంటివాళ్లని గౌరవంతో, కరుణతో, సున్నితంగా స్వీకరించాలని 2358లో స్పష్టంగా ఉంది. అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ కూడదని కూడా ఉంది. 2023 డిసెంబరులో వాటికన్ అలాంటి జంటలకు ఆశీర్వాదం ఇవ్వవచ్చని కూడా చెప్పింది. దైవార్చనలో భాగంగా కాదు, పెళ్లిలా కనిపించకూడదు, అంతే. శ్రీసభకి మనసు లేదనకండి.

నీలిచొక్కా:
దాని ముందు పేరా 2357 ఎందుకు వదిలేశారు? స్వలింగ చర్యలు స్వభావసిద్ధంగానే క్రమం తప్పినవి అని ఉంది అందులో. ఒక చేత్తో క్రమం తప్పింది అని రాసి, ఇంకో చేత్తో గౌరవించండి అని రాస్తే, హాల్లో కూర్చున్న జనానికి ఏ చెయ్యి కనిపిస్తుంది? ఆ ఆశీర్వాదాన్నీ ఆఫ్రికా మేత్రాణులు (బిషప్పులు) నెల తిరక్కుండా మేం ఇవ్వమన్నారు. సున్నితత్వం గురించి మీరు నాకు చెప్పకండి. మీ పాటల బృందంలోకి నాలాంటివాడు వస్తే పాడనిస్తారా?

స్వరమాల:
పాడనిస్తాను. కానీ ఇంకొకరితో కాపురం చేస్తూ దివ్యసత్ప్రసాదానికి (పూజలో పంచే అప్పానికి) వరసలో నిలబడితే నేను ఒప్పుకోను. పెళ్లి కాకుండా కలిసుంటున్న స్త్రీ పురుషులకైనా అదే చెప్తాను.

పాత_బెంచీ:
అంటే నాకు.

స్వరమాల:
మీ పేరు పెట్టి నేను అనలేదు.

పాత_బెంచీ:
అన్నారు. ఇందాక చదివి సంతోషించారే, ఆ పూజలో నేను ఎక్కడ కూర్చుంటానో తెలుసా? వెనక బెంచీలో. సత్ప్రసాదం సమయానికి వరస కదిలితే మోకాళ్లు పక్కకి తిప్పి మిగతావాళ్లకి దారి ఇస్తాను. అయ్యో బాబూ, రావా అని ఒకావిడ ప్రతి వారం అడుగుతుంది. తల ఊపి ఊరుకుంటాను. ఎవరూ నన్ను ఆపలేదు, మీలాంటివాళ్ల ముఖాలు చూసి నేనే ఆగిపోతున్నాను. సీరియల్లో కావాలన్నది ఈ సీనే. నాన్నలు ఏడవడం, అమ్మమ్మలు మారడం చాలు. ఆ బెంచీలో కూర్చున్నవాడి మీద కెమెరా పెట్టమనండి.

నీలిచొక్కా:
అయినా ఎందుకు ఉంటున్నారు అక్కడ? మీకు ప్లేటు పెట్టని ఇంట్లో?

పాత_బెంచీ:
ఆ ఇల్లు వాళ్లది కాదు కాబట్టి. నా జ్ఞానస్నానం అక్కడే జరిగింది. ఇది వాళ్లదని ఒప్పుకున్న రోజు వెళ్లిపోతాను.

స్వరమాల:
ఇద్దరూ నన్ను ఆ హాల్లో మైకు పట్టుకున్నవాడి పక్కన నిలబెట్టారు. సరే, నేనూ చెప్తాను.

మా తమ్ముడు కెనడాలో ఒకతన్ని పెళ్లి చేసుకున్నాడు. టికెట్టు కూడా పంపాడు. నేను వెళ్లలేదు. వాణ్ని ఎత్తుకుని పెంచింది నేను, నామకరణానికి పాట పాడింది నేను. వెళ్తే అది మంచిదని ఒప్పుకున్నట్టు, నేను నమ్మింది అబద్ధమని నా చేత్తో నేను రాసిచ్చినట్టు. అప్పటి నుంచి వాడు ఫోన్ ఎత్తడు.

ఆ పెళ్లి ఎపిసోడ్‌లో కాలీ తల్లి లూసియా పెళ్లికి ఉండకుండా వెళ్లిపోతుంది. ఆ తర్వాత తండ్రి తిరిగొచ్చి కూతురితో డాన్స్ చేస్తాడు, అందరూ చప్పట్లు. ఆవిడ ఎక్కడుంది అప్పుడు? విమానంలో ఏం చేసింది? ఒక్క సీను రాయలేదు. కూతురు పరలోకానికి దూరమవుతుందని ఒక తల్లి నిజంగా నమ్మితే ఆ రాత్రి ఎలా గడుస్తుందో రాయడానికి ఎవరికీ చేతకాలేదు. మీ మీద కెమెరా పెట్టమంటున్నారు. పెట్టనివ్వండి. మమ్మల్ని మాత్రం తలుపు తీసి బయటికి పంపేసి, కథ ముగిసిందంటారు.

నీలిచొక్కా:
మీరు బాధపడ్డారంటే నమ్ముతాను. కానీ లూసియాకి వెళ్లిపోయే దారి ఉంది. మీకూ ఉంది, టికెట్టు వద్దనుకున్నారు, వెళ్లలేదు. ఆ హాల్లో నాకు తలుపు లేదు. రెండు బాధలూ సమానమని తెర మీద చూపిస్తే నేను ఒప్పుకోను. గ్లీలో శాంటానా అవ్వ చివరికి 2015లో మనవరాలి పెళ్లికి వస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు పెళ్లాడటం సరైందని ఇప్పటికీ అనుకోవడం లేదని చెప్పి మరీ వచ్చి కూర్చుంటుంది. నమ్మకం మార్చుకోలేదు, కుర్చీలో కూర్చుంది. మీరు ఆ పని కూడా చేయలేదు.

స్వరమాల:
ఆవిడ అలా కూర్చోవడం సరైందో కాదో నాకు తెలియదు. నా మనస్సాక్షి ఒప్పుకోలేదు. నన్ను పిరికిదాన్నంటారా, అనండి. నటించలేదు.

పాత_బెంచీ:
లూసియాకి ఒక ఎపిసోడ్ రాయాలన్న మాట నిజం. రాస్తే నేనే ముందు కూర్చుని చూస్తాను. సత్ప్రసాదం విషయంలో మాత్రం మీతో ఒప్పుకోను.

కొత్తపేజీ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మ రోజూ జపమాల చెప్తుంది. నేను ఇంకా ఏమీ చెప్పలేదు తనకి. ఇంగ్లిష్ అంతగా రాదు, పక్కన కూర్చుని తెలుగులో చెప్తాను. పైన చెప్పినవాటిలో ఏది చూపించను?

నీలిచొక్కా:
ఏదీ చూపించకండి. ముందు మీ ఉద్యోగం, ఇంట్లోంచి పొమ్మంటే ఉండటానికి చోటు, ఈ రెండూ చూసుకోండి.

స్వరమాల:
గ్రేస్‌లో పెళ్లి ఎపిసోడ్ మాత్రం వద్దు. తల్లిని వెళ్లగొట్టిన కథ చూపించి తల్లి మనసు గెలవలేరు.

పాత_బెంచీ:
వన్ డే ఎట్ ఎ టైమ్ మొదటి సీజన్ మొదటి నుంచి పెట్టండి. ఎలీనా తల్లి పెనెలొపి కూతురితో పర్వాలేదు అంటూనే లోపల సర్దుకోలేక టెన్షన్ పడుతుంది. అమ్మమ్మ కంటే ఆవిడ మీ అమ్మగారికి దగ్గరగా అనిపిస్తుంది. చివరి ఎపిసోడ్‌లో తండ్రి కూతుర్ని వేడుక మధ్యలో వదిలేసి వెళ్లిపోతాడు. దాన్ని మాత్రం ముందు మీరొక్కరే చూడండి, అమ్మగారి పక్కన మొదటిసారి చూడకండి. నీలిచొక్కా గారు చెప్పిన రెండూ అంతకంటే ముందే చూసుకోండి.