మెట్ల కింద పలకకి ఏది మేలు: స్క్రూలా, మాగ్నెట్లా, గాడా?

కొత్తిల్లు_కాకినాడ:
మెట్ల కింద ఖాళీలో బియ్యం బస్తా, పనిముట్ల పెట్టె, పండగ సామాన్లు పెడుతున్నాం. ముందు 12 ఎంఎం ప్లైవుడ్ పలక వస్తుంది, వెడల్పు 750, ఎత్తు 600. తలుపులా కీళ్లు పెడితే నడవకి అడ్డం. అందుకే పలక మొత్తం ఊడి రావాలి. కార్పెంటర్ నాలుగు మూలలా స్క్రూలు చాలంటున్నాడు, నాకు మాగ్నెట్లు పెట్టాలనుంది. వారానికి రెండు మూడుసార్లు తీసేది మా అమ్మ. ఏం చెయ్యమంటారు?

పద్మ_వరంగల్:
మాగ్నెట్ క్యాచ్‌లే పెట్టించండి. మా వంటింట్లో సింకు కింద సన్న పలకకి పెట్టించి రెండేళ్లయింది, ఇప్పటికీ గట్టిగానే ఉంది. పెద్దవాళ్ల చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వడం నాకైతే న్యాయం అనిపించదు.

చెక్కపని_శ్రీను:
స్క్రూల విషయంలో పద్మగారి మాటే నాదీ. ఒకే బెజ్జంలో మళ్లీ మళ్లీ విప్పి బిగిస్తే ప్లై లోపల పొడి రాలి, పట్టు పోతుంది. ఏడాదికోసారి తీసే పలకకైతే సరే.

మాగ్నెట్ దగ్గరే నా అభ్యంతరం. డబ్బా మీద రాసే బలం ఎదురుగా లాగినప్పటిది. పలక బరువు కిందికి జారేటప్పుడు అందులో కొంతే పనిచేస్తుంది. మధ్యలో లామినేట్ మందం వచ్చినా పట్టు తగ్గుతుంది. మీ పలక మూడు కిలోల పైమాటే. జారితే అమ్మగారి పాదం మీదే పడుతుంది.

మా తాతగారి కిరాణా కొట్టుకి షట్టర్ లేదు, చెక్క పలకలే. ఒక్కోదాని మీద ఉలితో అంకె చెక్కి ఉండేది. పొద్దున్నే పలకని పైకెత్తి, కింది అంచు ముందుకి లాగితే చేతిలోకి వచ్చేసేది. పై గాడి లోతు, కింది గాడి తక్కువ లోతు, అంతే కిటుకు. మేకు లేదు, మర లేదు. పలక బరువే దాన్ని పట్టి ఉంచేది.

మీకూ అదే చెయ్యండి. పై గాడి 20 ఎంఎం లోతు, కిందిది 8. గాడుల నోళ్ల మధ్య ఖాళీ 600 అయితే పలక ఎత్తు 616 కోయించాలి. పైకంటా ఎత్తితే కింది అంచు గాడి నుంచి 4 ఎంఎం పైకి వస్తుంది. దించితే పైన ఇంకా 8 ఎంఎం గాడిలోనే ఉంటుంది. గాడి వెడల్పు 16 ఉంచండి. ప్లైని తొలవక్కర్లేదు, రెండేసి రీపర్లు (సన్న చెక్క పట్టీలు) మధ్యలో ఆ 16 ఖాళీ వదిలి పక్కపక్కన కొడితే అదే గాడి. లాగడానికి రెండు వేళ్లు పట్టే రంధ్రం చాలు.

గోదావరి_గట్టు:
మెట్ల కింద పైభాగం ఏటవాలుగా ఉంటుంది కదండీ. పలకని పైకెత్తడం ఎలా?

చెక్కపని_శ్రీను:
మంచి ప్రశ్న. ఏటవాలు ముక్కని విడిగా బిగించెయ్యాలి. దాని కింద అడ్డ రీపరు వేస్తే నలుచదరపు ఖాళీ మిగులుతుంది. గాడి ఆ ఖాళీకే. కింది గాడిని నేలకి ఒక అంగుళం పైన పెట్టండి, తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్లు పీల్చి ప్లై ఉబ్బకుండా.

పద్మ_వరంగల్:
మా పలక తేలిక, పైగా నేల మీదే ఆని ఉంది. అందుకే మాగ్నెట్లు ఆగాయేమో. ఇంత పెద్దదానికి గాడే నయం. ఇంకొక మాట. ఇంట్లో చంటిపిల్లలుంటే చిన్న బిళ్ల మాగ్నెట్లు అసలు వద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని ప్రాణం మీదికి వస్తుంది.

కొత్తిల్లు_కాకినాడ:
మా అక్క పిల్లలు సెలవులకి వస్తారు, కాబట్టి గాడే. ఆదివారం రీపర్లు తెస్తాను. పలక అంచులు గాడిలో బిగుసుకోకుండా ఏమైనా పూయాలా?

చెక్కపని_శ్రీను:
అంచుకి ఉప్పుకాగితం పట్టి, కొవ్వొత్తి నాలుగుసార్లు రుద్దండి. నూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి జిడ్డవుతుంది.