బోర్జియా పోప్ నిజంగా అంత దుర్మార్గుడా? శత్రువులు వేసిన ముద్రా?

పాతపుటలు: 1492లో పోప్ అయిన రోడ్రిగో బోర్జియా, అంటే ఆరవ అలెగ్జాండర్, జనం చెప్పుకునేంత రాక్షసుడు కాదు. విషప్రయోగాల కథలు చాలావరకు శత్రువులు పుట్టించినవే. ఆయన బద్ధశత్రువు రోవెరే 1503లో రెండవ జూలియస్ పేరుతో పోప్ అయ్యాడు, బోర్జియా గదుల్లో కాపురం ఉండటానికే ఒప్పుకోలేదు. స్పెయిన్ తరిమేసిన యూదులను రోమ్‌లోకి రానిచ్చింది ఈ అలెగ్జాండరే.

కృష్ణాతీరం: మరి 1501లో వాటికన్‌లో వేశ్యలతో జరిగిన విందు? ఆయన ఉత్సవాలు చూసుకున్న బర్చర్డే డైరీలో రాశాడు కదా.

పాతపుటలు: ఆ పేజీని అనుమానించే చరిత్రకారులున్నారు.

కృష్ణాతీరం: మిగతా డైరీ అంతా నమ్ముతారు, ఈ పేజీ ఒక్కటే నమ్మరు. ఎందుకండీ?

సాగరిక: విందు వదిలేయండి. 1493లో ఈ పోప్ ఇచ్చిన శాసనం మాటేమిటి?

పాతపుటలు: దానికి తర్వాత వస్తాను. ముందు విందు సంగతి తేలాలి.

కృష్ణాతీరం: సరే, 20 ఏళ్లు కూడా నిండని కొడుకు చెజారేను కార్డినల్ (పోప్‌ను ఎన్నుకునే పెద్ద మతాధికారి) చేశాడు. అదీ శత్రువుల పుకారేనా?

పాతపుటలు: అప్పట్లో అందరూ చేసిందే. రోవెరేని కార్డినల్ చేసింది పోప్‌గా ఉన్న అతని తండ్రి సొంత సోదరుడే. రోవెరేకూ ఒక కూతురుంది.

కృష్ణాతీరం: ఈ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. మా ఊరి చర్చి బడిలో టీచర్ ఉద్యోగానికి మా చెల్లికి అన్ని అర్హతలూ ఉన్నాయి. కమిటీ పెద్ద తన కోడలికి ఇప్పించుకున్నాడు. అడిగితే "ఎక్కడైనా ఇంతేగా" అన్నాడు.

వినయ్: పోప్ గురించి మాట్లాడుతుంటే మీ చెల్లి ఉద్యోగమెందుకు?

పాతపుటలు: నేను క్యాథలిక్‌ని. ఆఫీసులో నా విశ్వాసాన్ని ఎగతాళి చేయాలనుకున్న ప్రతివాడూ ఆ విందు కథే ఎత్తుతాడు. ఎన్నాళ్లు పడాలి?

కృష్ణాతీరం: నేనూ ఆదివారం పూజ మానను. బోర్జియాని వెనకేసుకొస్తే మా కమిటీ పెద్దకు ధైర్యం వస్తుంది. మీరు బయటివాళ్ల నోటికి భయపడుతున్నారు, నేను లోపలివాళ్ల చేతులకు భయపడుతున్నాను.

సాగరిక: ఇద్దరికీ చర్చి పరువే ముఖ్యమైపోయింది. ఆ శాసనం అట్లాంటిక్‌లో గీత గీసి, అవతలి భూములను స్పెయిన్ రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసబెల్లాలకు రాసిచ్చింది. అక్కడ మనుషులు లేరా? ఇలాంటి శాసనాలపై నిలిచిన, కనుగొన్న భూములు క్రైస్తవ రాజులవేననే సిద్ధాంతాన్ని 2023లో వాటికనే కాదంది.

పాతపుటలు: శాసనాన్ని నేను సమర్థించను. విందుకు మాత్రం రుజువు చాలదు.