మా నాయన తిడితే నిక్కచ్చి మనిషి, నేను తిడితే నోరు మంచిది కాదంట

తోతాపురి అమ్మి అడిగింది:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా ఉంటాది, ఓపికతో చదవండి.

మాది దామలచెరువు పక్కన చిన్న పల్లె. మా నాయన ముప్పై ఏండ్లు మామిడికాయల మండీ నడిపినాడు. మూడేండ్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తాది. తమ్ముడు బెంగుళూరులో ఉద్యోగం. నేను తిరుపతిలో ఎం.కాం. చదివి, పెండ్లయి, బిడ్డతో ఈ పక్కనే ఉన్నందువల్ల మండీ నా చేతికొచ్చింది. తూకం, తరుగు, కమీషను, లారీ బాడుగ, హమాలీల కూలి అన్నీ నేనే చూసుకుంటా ఉండా.

మండీలో పెరిగిన బిడ్డను. తిట్లు నాకు కాకి అరుపుల మాదిరి. క్రేటు కింద పడితే ఒక తిట్టు, లారీ ఆలస్యమైతే ఒక తిట్టు, ధర బాగా పలికితే సంతోషంతో ఇంకోటి. మా నాయన నోరు తెరిస్తే రోడ్డు దాకా వినపడేది. అయినా ఊరంతా ఆయన గురించి ఏమనేది తెలుసా? "నోరు గట్టిది, మనసు వెన్న. లెక్కలో నిక్కచ్చి." పొద్దున తిట్టినోడికే సాయంత్రం టీ చెప్పేవాడు, అదీ నిజమే.

ఇప్పుడు నా సంగతి. 2025 జూన్ మన పక్క అందరికీ గుర్తుండే ఉంటాది. తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 అని చెప్పినారు. చెప్పినారు గానీ, గుజ్జు ఫ్యాక్టరీల ముందర కాయ దించేదానికి ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడినాయి. ఎండకు కాయ మెత్తబడతా ఉంటే రైతు మొహం చూసేదానికి కాదు. మండీలో అందరికీ తలలు వేడెక్కి ఉండాయి. ఆ రోజు మధ్యాహ్నం ఒక హమాలీ అన్న రెండు క్రేట్లు జారవిడిచినాడు. మా నాయన కాలం నుంచి ఉండే మనిషి, నాకన్నా పదిహేనేండ్లు పెద్ద. పడింది బేనీషా (బంగినపల్లి) కాయ, ఏరి పక్కన పెట్టింది. నా నోట్లోంచి 'ల'తో మొదలయ్యే ఆ మాట వచ్చేసింది. వెనకాల 'కొడకా' కూడా కలిపినా. గట్టిగానే అరిచినా.

తూకం పక్కన ఒక పెద్దాయన కూర్చోనుండాడు. పాతికేండ్లుగా మాకే కాయ తోలే రైతు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పినోడు. ఏం అనలేదు, చీటీ తీసుకొని పోయినాడు. మరుసటి రోజు ఆయన ట్రాక్టరు మా మండీ ముందరి నుంచే పోయి అవతల మండీలో ఆగింది. ఫోను చేస్తే ఒకటే మాట: "మీ నాయన సంగతి వేరేమ్మా. ఆడబిడ్డ నోట ఆ మాట వినలేను."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే మాట మా నాయన నోట వినుకుంటా, ఆయన పక్కనే కూర్చోని నవ్వుతా టీ తాగిన మనిషి ఆయన!

అది చాలదన్నట్టు మా పాప ఒకటో తరగతిలో పెన్సిలు లాక్కున్న పిల్లోడిని అదే మాట అనింది. టీచరమ్మ నన్ను పిలిపించి, "చదువుకున్నవాళ్లే కదమ్మా మీరు" అనింది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మాటకే నాకు ఒళ్లు చల్లబడింది.

నేను అడిగేది రెండు. ఆడదాన్ని అయినందుకేనా నాకు ఈ తీర్పు? రెండోది, నేను నోరు మార్చుకుంటే మండీ నడుస్తాదా? మొదటి సీజనులో అందరితో మెత్తగా, 'అండీ' పెట్టి మాట్లాడినా. క్రేట్ల లెక్కలో నన్ను మోసం చేసినారు. తిట్టడం మొదలుపెట్టినాకనే మాట విన్నారు. ఉన్నదున్నట్టు చెప్పండి.

పీలేరు పిల్ల:

అక్కా, మారొద్దు. బస్టాండు దగ్గర నాకు సెల్లుల షాపు ఉంది. పక్క షాపు అన్న రోజంతా బూతులే, ఎవురూ తిరిగి చూడరు. నేను ఒక్కసారి ఒకడి మీద అరిస్తే "ఈ పిల్ల మంచిది కాదు" అని మా అమ్మ దాకా పోయింది. ఆ రైతు పోతే పోనీ. మీ నాయన్ని ఒప్పుకున్నోడు నిన్నూ ఒప్పుకోవాల.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి:

అమ్మా, నేను చాలా ఏళ్లు మనస్తత్వశాస్త్రం చెప్పాను. మీ మొదటి అనుమానం నిజమే. ఒకే తిట్టు మగవాడి నోట వస్తే కోపం కింద, ఆడమనిషి నోట వస్తే గుణం కింద జమకట్టడం మన దగ్గరే కాదు, చాలా చోట్ల ఉంది. అది అన్యాయమే.

అయితే తిట్టే మనిషిని జనం ఎప్పుడూ తక్కువగానే చూస్తారనుకోవడం కూడా సరికాదు. 2005లో నెదర్లాండ్స్‌లో ఒక పరిశోధన చేశారు. తిట్టేవాళ్ల మాట నమ్ముతారా అని నేరుగా అడిగితే అది నమ్మకానికి గుర్తు కాదన్నారు. కానీ వాంగ్మూలం చదవడానికి ఇస్తే, తిట్టు ఉన్న వాంగ్మూలాన్నే ఎక్కువ నమ్మారు. 2006లో అమెరికాలో షెరర్, సాగరిన్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక ఉపన్యాసం వినిపించారు. మొదట్లోనో చివర్లోనో ఒక చిన్న తిట్టు ఉన్న ఉపన్యాసం వినేవాళ్లను ఎక్కువగా ఒప్పించింది. ఈ మనిషి గట్టి పట్టుదలతో మాట్లాడుతున్నాడని వాళ్లకు అనిపించింది. మీ నాన్నగారికి వచ్చిన "నిక్కచ్చి" అన్న పేరులో ఇదీ కొంత ఉండొచ్చు.

కానీ ఒకటి గమనించండి. ఆ ఉపన్యాసంలో వాడింది "డ్యామిట్" అన్న చిన్న మాట. అదీ గాల్లోకి అన్నది, ఎదురుగా నిలబడ్డ మనిషి మీద కాదు. మీరు అన్నది ఒక మనిషిని, అతని తల్లిని. ఆ ఫలితాలు తెచ్చి దీనికి అతికించలేం.

ఇంకొకటి. ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో మనుషుల చేత మంచునీళ్లలో చెయ్యి పెట్టించింది. తిడుతూ పెట్టినవాళ్లు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. 2011లో మళ్లీ చూస్తే, రోజూ తిట్టే అలవాటున్నవాళ్లకు ఆ మేలు తక్కువగా కనిపించింది. మీ మండీలో తిట్టు కాకి అరుపు అయిపోయిందన్నారు కదా. అలాంటప్పుడు అది అదుపు తెస్తోందా, వట్టి చప్పుడుగా మిగిలిందా అన్నది మీరే చూసుకోవాలి.

హమాలీ కొడుకు:

అక్కా, నేను ఇప్పుడు రేణిగుంటలో పని చేస్తాండా. మా నాయన ఇరవై రెండేండ్లు మండీలో మూటలు మోసినాడు. ఏ ఊరో, ఏ మండీయో చెప్పను. ఆ డబ్బుతోనే నేను డిప్లొమా చదివినా.

పైన సార్ చెప్పినవి బాగుండాయి. నీ పోస్టులో నాకు నొప్పి తగిలిన చోటు మాత్రం వేరే. రైతు ఏమనుకున్నాడు, టీచరమ్మ ఏమనుకునింది, ఊరు ఏమనుకునింది అన్నీ రాసినావు. ఆ హమాలీ అన్న ఏమన్నాడో ఒక్క ముక్క రాయలేదు. క్రేటు పడినాక ఆయన ఏం చేసినాడు? ఒంగి కాయలు ఏరుకున్నాడా? నీ మొహం చూసినాడా?

మీ నాయన తిడితే అందరూ నవ్వినారు అంటాండావు. నవ్వింది రైతు. హమాలీ నవ్వినాడా అని ఎప్పుడన్నా చూసినావా? నవ్వి ఉండొచ్చు కూడా. మా నాయనా నవ్వేవాడు. నవ్వకపోతే రేపు పని ఉండదు గదా. ఆ మాట పడిన రోజు ఇంటికొస్తే అన్నం ముందర కూర్చోని మా అవ్వ మొహం చూసేవాడు కాదు. అవ్వ "ఏమయింది నాయనా" అని అడిగితే "ఎండ" అనేవాడు. నాకు పదహారేండ్లు వచ్చేదాకా అది ఎండే అనుకున్నా.

మన తిట్లలో తిట్టు తినేది ఎదురుగా ఉండే మొగోడు కాదక్కా, ఇంట్లో ఉండే ఆడమనిషి. ఆడదాన్ని కాబట్టి నన్ను వేరేగా చూసినారని నువ్వు బాధపడతాండావు. నీ బాధ నిజమే. నువ్వు అన్న మాట కూడా ఒక ఆడమనిషి మీదే పడింది.

కోపంతో రాయలేదు. ఇన్నాళ్లకు ఒక మండీ ఓనరు ఇట్లా బయటికొచ్చి అడిగితే చూసినా, అందుకే రాసినా.

గంగమ్మ బిడ్డ, కొర్లగుంట:

ఈ మాటల్లో నాకు మన జాతర గుర్తొచ్చింది. తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మా ఇంట్లో మొక్కు ఉంది. మేము తరతరాలుగా వేషాలు కట్టేవాళ్లం. బండ వేషం కట్టి, ఒళ్లంతా కుంకుమ పూసుకొని వీధుల్లో పోతా బూతులు తిడతాం. తిట్టించుకున్నోళ్లు దండం పెడతారు, అమ్మ దీవెన అంటారు. బయట ఊరోళ్లు చూసి బిత్తరపోతారు.

దానికి కారణం ఉంది. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడిని పట్టుకునేదానికి అమ్మ రకరకాల వేషాల్లో వెతికింది. వాడు భయపడి దాక్కున్నాడు. చివరికి దొర వేషంలో వస్తే, దొరే వచ్చినాడనుకొని బయటికొచ్చి దొరికిపోయినాడు. ఆ బూతులు ఆ పాలెగాడి మీద. బలమున్నోడి మీద. పైగా జాతరలో ఎవురు ఎవుర్నయినా అనొచ్చు, కూలోడు షావుకారును కూడా. వేషం తీసి స్నానం చేసినాక ఆ మాట మళ్లీ మా నోట రాదు. మా నాయన నాకు మొదటిసారి వేషం కట్టేటప్పుడు చెప్పింది అదే.

మండీలో ఆ హమాలీ నిన్ను తిరిగి అనగలడా అమ్మీ?

చిత్తూరు కోర్టు గుమస్తా:

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రెండు మాటలు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. బహిరంగంగా బూతులు మాట్లాడి పక్కవాళ్లను ఇబ్బంది పెడితే 296వ సెక్షను, మూడు నెలల వరకు జైలు. గొడవకు రెచ్చగొట్టేలా కావాలని అవమానిస్తే 352, రెండేళ్ల వరకు. ఎస్సీ, ఎస్టీ మనిషిని నలుగురిలో కులం పేరు పెట్టి తిడితే 1989 చట్టం కింద కేసు, అది వీటన్నిటికన్నా గట్టిది. మండీల్లో కులం మాటలు ఎంత తేలిగ్గా దొర్లుతాయో నాకు తెలుసు. మీరు అన్నారని కాదమ్మా, మీ దగ్గర పనిచేసే మేస్త్రీలకు కూడా చెప్పి పెట్టుకోండి.

తోతాపురి అమ్మి:

పదిరోజులయింది, జవాబు రాయలేకపోయినా. అందరికీ దండాలు. హమాలీ కొడుకు తమ్ముడూ, నీ మాట చదివినాక ఫోను పక్కన పెట్టి చాలాసేపు అట్లనే కూర్చున్నా. నువ్వు అడిగినదానికి జవాబు: ఆయన ఒంగి కాయలు ఏరుకున్నాడు. నా మొహం చూడలేదు. నేనే గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

మొన్న ఆయన్ని ఆఫీసు గదిలోకి పిలిచి క్షమించమని అడిగినా. "నాకు అలవాటే గదా పాపా" అన్నాడు. అట్లా అనొద్దన్నా, ఆ రోజు నేను అన్నది తప్పన్నా. కొంచెంసేపు భుజం మీది తువ్వాలు మడుస్తా నిలబడినాడు. అప్పుడు చెప్పినాడు: "మా అమ్మ పోయి నాలుగేండ్లయింది. నన్ను ఏమన్నా అను పాపా. ఆమెను అనొద్దు." ఈ మనిషిని నా పుట్టుక నుంచి చూస్తా ఉండా. వాళ్లమ్మ పోయిన సంగతి నాకు తెలీదు.

నాయనకు కూడా చెప్పినా. ఎడమచేత్తో మంచం పట్టె తడతా ఏదో అన్నాడు, మాట ముద్దగా ఉండి సరిగ్గా అర్థం కాలేదు. రెండోసారి అడిగితే ఆ అన్న పేరు మాత్రం తెలిసింది. రేపు ఆయన్ని ఇంటికి పిలుచుకొస్తా.

లెక్కల సంగతి. సార్ చెప్పినట్టు కూర్చోని ఆలోచించినా. రెండో సీజనులో మోసం ఆగింది నేను తిట్టినందుకా? కాదు. ఆ ఏడే లోడు ఎక్కించే ముందర క్రేట్లు లెక్కబెట్టి, డ్రైవరు చేత చీటీ మీద సంతకం పెట్టించడం మొదలుపెట్టినా. రెండూ ఒకేసారి మొదలయినాయి, నేను తిట్టుకు పేరిచ్చినా. అరుపు మాత్రం మానను, మండీలో అరవకపోతే వినపడదు. "కాయ పోయింది గదన్నా, చూసి దించన్నా" అని అరుస్తా ఉండా. పని ఆగలేదు.

పాపతో, ఆ మాట నా దగ్గరే నేర్చుకున్నావు, నేను అనకూడనిది అన్నా అని చెప్పినా. "మరి తాత?" అనింది. తాత కూడా అనకూడదు అన్నా. ఆ జవాబు చెప్పేదానికి నాకు చాలాసేపు నోరు పెగల్లేదు.

పీలేరు చెల్లెలా, నువ్వు నా తరపున మాట్లాడినావు, మర్చిపోను. నీ మాటే పట్టుకొని ఆ రైతు పెదనాయన ఇంటికి పోయినా. తప్పు నాదే అని మొదటే చెప్పినా. ఆ తర్వాత ఒకటి అడిగినా: "మా నాయన అంటా ఉంటే పాతికేండ్లు ఎట్లా కూర్చున్నావు పెదనాయనా?" చాలాసేపు మాట్లాడలేదు. "మీ నాయన్ని అడిగేదానికి ధైర్యం ఉండాల గదమ్మా, మాకు ఆయన దగ్గర అడ్వాన్సులు ఉండె" అన్నాడు. నన్ను అడిగేదానికి ధైర్యం ఎందుకు సరిపోయిందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పెద్దమ్మ లోపల్నుంచి మజ్జిగ తెచ్చిచ్చింది. తాగినా. వచ్చే సీజను కాయ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గేటు దాకా వచ్చి, నాయన్ని చూసేదానికి ఆదివారం వస్తానన్నాడు.