పదహారు దాటితే పెద్దల కోర్టుకేనా?

మంజీర_తీరం:
పుణెలో 2024 మేలో ఖరీదైన కారుతో ఇద్దరి ప్రాణాలు తీసిన 17 ఏళ్ల కుర్రాడి కేసు గుర్తుందా? ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమని చెప్పి అదే రోజు బెయిలిచ్చారు. తర్వాత అతన్ని పెద్దవాడిగా విచారించాలని పోలీసులు అడిగితే 2025 జులైలో మైనర్ల కేసులు చూసే అక్కడి జువైనల్ బోర్డు ఒప్పుకోలేదు. పదహారు దాటినవాడికి తను చేసే పనేంటో తెలియదా? పెద్ద నేరమైతే నేరుగా పెద్దల కోర్టుకే పంపాలి. మీరేమంటారు?

కరీంనగర్_వకీలు:
మీ కోపంలో న్యాయం ఉందండీ. కానీ మైనర్లను పెద్దల్లా విచారించే చట్టం ఎవరి మీద పడుతోందో చూడండి. 2012 ఢిల్లీ నిర్భయ ఘటనలో ఒక నిందితుడికి 18 నిండలేదని మూడేళ్లతో సరిపెట్టాల్సి వచ్చింది. ఆ ఆగ్రహంలోంచే 2015 జువైనల్ జస్టిస్ చట్టం పుట్టింది. కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న కేసులో (చట్టం దాన్ని 'ఘోర నేరం' అంటుంది) 16-18 మధ్య పిల్లలు దొరికితే, వాళ్లను పెద్దల్లా విచారించాలా వద్దా అని బోర్డు మదింపు చేస్తుంది. కారుతో గుద్ది చంపిన కేసుల్లో మామూలుగా పెట్టే సెక్షన్లకు అంత కనీస శిక్ష లేదు. అది లేనిదే ఘోర నేరం కింద లెక్కేయకూడదని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది.

అదే 17 ఏళ్ల అబ్బాయి, 16 ఏళ్ల అమ్మాయి ఇష్టపడి ఊరొదిలి పోయారనుకోండి. అమ్మాయి తరఫువాళ్లు పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, కింద కేసు పెడతారు. దానికి కనీస శిక్ష పదేళ్లు. వాడు మాత్రం మదింపుకు రావాల్సిందే! బోర్డు ముందు నేను ఎక్కువగా చూసేది సెల్‌ఫోన్ దొంగతనాలు, ఈ ప్రేమ కేసులే. లాయర్‌ని పెట్టుకునే స్తోమత వాళ్లలో చాలామందికి ఉండదు.

పాలమూరు_టీచరమ్మ:
అసలు పదహారు దాటిందని ఎలా తేలుస్తారు సార్? చట్టం ముందు అడిగేది బడి సర్టిఫికెట్టే కదా. మా బడి పాత అడ్మిషన్ రిజిస్టర్ తిరగేస్తే చాలామందికి జూన్ నెల పుట్టినరోజులే. అమ్మానాన్న ముంబైకో పుణెకో కూలికి పోతే, ముసలి నాయనమ్మ పిల్లాణ్ని తెచ్చి "వానలప్పుడు పుట్టిండు" అంటుంది. బడి తెరిచేనాటికి ఐదేళ్లు నిండినట్టు లెక్కేసి ఓ తేదీ రాసేస్తారు. ఆరు నెలలు అటూ ఇటూ అయితే బడిలో ఎవరికీ పట్టదు. కేసు పడ్డ రోజున మాత్రం ఆ తేదీయే వాడి బతుకు.

మంజీర_తీరం:
టీచర్‌గారూ, ఇది నేను ఆలోచించని సంగతి. అయినా ఒక్కటి అడుగుతాను. 2022లో హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో పట్టుబడ్డ ఆరుగురిలో ఐదుగురు మైనర్లు. వాళ్లు పేదపిల్లలు కారు. బాధితురాలూ మైనరే. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. మూడేళ్లలో బయటికొచ్చేస్తారంటే ఆ అమ్మాయికి ఏం ధైర్యం చెప్తాం?

కరీంనగర్_వకీలు:
దీన్ని దాటవేయను. అలాంటి కేసుల్లో మదింపు ఉండటాన్ని నేను వ్యతిరేకించను. మీరన్నట్టు 'నేరుగా' పంపడాన్నే వ్యతిరేకిస్తాను. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. వాళ్లలో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకంటే మదింపులో చూడాల్సింది పిల్లాడి మానసిక స్థితి, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి, ఆ పని జరిగిన పరిస్థితులు. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికెళ్లి రాయాల్సిన రిపోర్టుల్లో "తండ్రి తాగుబోతు, చెడు సావాసాలు" అన్న రెండు ముక్కలే రాసినవి నేను చదివాను. చదువు ఏ క్లాసులో ఆపాడు, ఎందుకు ఆపాడు, ఇంట్లో ఎవరు సంపాదిస్తున్నారు? ఒక్కటీ లేదు. దీని మీద పిల్లాడి ఇరవై ఏళ్లు తేల్చేద్దామా?

కేసు పడకముందే ఆదుకునే దారీ ఉంది. కష్టాల్లో ఉన్న కుటుంబాల్లోని పిల్లలకు పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ వస్తుంది. బడి మానేసే పిల్లాణ్ని ముందు గుర్తుపట్టేది టీచర్లే కాబట్టి, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు మీలాంటివాళ్లు పేర్లు పంపితే చాలా మేలు.

పాలమూరు_టీచరమ్మ:
స్పాన్సర్‌షిప్ గురించి మా స్టాఫ్‌రూమ్‌లో చాలామందికి తెలియదు. తొమ్మిదిలో ఇద్దరు మగపిల్లలు దసరా నుంచి రావట్లేదు, ఇటుక బట్టీకి పోయారని విన్నాను. ఏ కాగితాలు కావాలో చెప్పండి సార్. వాళ్లకు జనన ధ్రువపత్రం లేదు.

కరీంనగర్_వకీలు:
పుట్టి ఏడాది దాటింది కాబట్టి ఆర్డీవో ఉత్తర్వు కావాలి మేడమ్. ముందు దానికి అర్జీ పెట్టించండి, మిగతావి మెసేజ్ చేస్తాను.